రెండో టికెట్టు మీద చిన్నాన్న

కోల్డ్‌ప్లే అనే బ్రిటిష్ రాక్ బృందం కచేరీలకు 'ఇన్ఫినిటీ' అని ఒక రకం టికెట్టు ఉంటుంది. ధర ఇరవై అమెరికా డాలర్లకు సమానం. మిగతా టికెట్ల ధరలు చూశాక ఇది ఊరికే ఇచ్చినట్టే అనిపిస్తుంది. కాకపోతే షరతులున్నాయి. ఒక్కటి అమ్మరు, జంటగానే కొనాలి. కుర్చీ ఎక్కడో ముందుగా చెప్పరు. కచేరీ రోజున స్టేడియం కౌంటరుకు వెళ్లి గుర్తింపు చూపిస్తే అప్పుడు చేతిలో పెడతారు. వేదిక ఎదుటే పడవచ్చు, పైకప్పు కింద ఆఖరి వరుసలో పడవచ్చు.

2024 జనవరిలో వాళ్లు సింగపూరు నేషనల్ స్టేడియంలో ఆరు రాత్రులు వాయించారు. 23, 24, 26, 27, 30, 31 తేదీలు. మొదట ఇన్ని రోజులు లేవు, జనం ఎగబడటంతో పెంచుకుంటూ పోయారు. మామూలు టికెట్లు 2023 జూన్‌లో అమ్మకానికి పెట్టినప్పుడు ఒడిశాలోని పర్లాకిమిడిలో మా మేడ మీద, సిగ్నలు బాగా అందే మూలలో, ఫోను పట్టుకుని నేనూ వరుసలో చేరాను. నా ముందు లక్షల మంది ఉన్నారని తెర చెప్పింది. ఫోను ఎండకు కాలిపోయి తనంతట తనే ఆగిపోయింది. నా వంతు వచ్చినా ఆ ధరకు కొనగలిగేదాన్ని కాదు కాబట్టి పెద్దగా బాధపడలేదు. కొన్ని నెలల తర్వాత ఇన్ఫినిటీ టికెట్లు వదిలారు. అంతకుముందే బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ చెల్లింపుల మీట తెరిచి పెట్టుకున్నాను. ఇది చేయని స్నేహితురాలికి డబ్బు కట్టే దగ్గర ఆగిపోయింది, నాకు దొరికాయి. 27వ తేదీ, శనివారం, జంట.

ఇక రెండో టికెట్టు ఎవరికి? హాస్టల్ స్నేహితురాళ్లలో పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు ఇంట్లో ఒప్పుకోలేదు, ఇంట్లో ఒప్పుకున్నవాళ్లకు పాస్‌పోర్టు లేదు. నాన్న రెండు రోజులు ఏమీ మాట్లాడలేదు. మూడో రోజు భోజనం దగ్గర, "చిన్నాన్న వస్తాడు. లేకపోతే రెండూ వదిలెయ్" అన్నాడు. చిన్నాన్న అప్పటికే కంచం ముందు కూర్చుని ఉన్నాడు. అతనికీ ఈ సంగతి అప్పుడే తెలిసిందని ముఖం చూస్తే అర్థమైంది.

చిన్నాన్నను ఎంచుకోవడానికి కారణం ఉంది. అతను ఏళ్ల తరబడి సింగపూరులోనే ఉన్నాడు. తువాస్ వైపు ఓడల మరమ్మతు యార్డులో బ్లాస్టింగ్, పెయింటింగ్ పని. అంటే ఓడ అడుగున పట్టిన తుప్పును ఇసుకలాంటి రవ్వ ఒత్తిడితో కొట్టి రాల్చడం, ఆ పైన రంగు వేయడం. మా వైపు, పక్కనే ఉన్న శ్రీకాకుళం జిల్లాలోనూ ఇది కొత్త సంగతి కాదు. వెల్డర్లు, ఫిట్టర్లు, పెయింటర్లు గల్ఫ్‌కూ సింగపూరుకూ వెళ్లడం తరాలుగా ఉంది. మా ఊరు దాటగానే పాతపట్నం, అక్కడి నుంచి ఆంధ్రప్రదేశ్. ఏజెంట్లకు మాత్రం ఆ సరిహద్దు ఎప్పుడూ కనబడలేదు. ఇటువాళ్లనూ అటువాళ్లనూ ఒకే బస్సులో ఎక్కించి తీసుకుపోయారు. చిన్నాన్న 2012లో తిరిగొచ్చి ఊళ్లో పెయింట్ల దుకాణం పెట్టుకున్నాడు.

పాస్‌పోర్టు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఒడిశాలో పుట్టిన తెలుగువాళ్లలో చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు. మనకు ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. ఒడియా బడిలో పేరు ముందు, వంశం పేరు చివర. నా పదో తరగతి సర్టిఫికెట్‌లో మాస్టారు ఇంటిపేరును తీసుకెళ్లి చివర పెట్టారు. ఆధార్‌లో ముందు ఒక్క పొడి అక్షరం. జనన ధ్రువపత్రంలో ఇంటిపేరే లేదు. పాస్‌పోర్టులో పొడి అక్షరాలు కుదరవు, విడమరిచి రాయాలి. కాబట్టి ముందు ఆధార్‌ను పదో తరగతి సర్టిఫికెట్‌కు తగ్గట్టు సరిచేయించుకుని, ఆ తర్వాతే దరఖాస్తు పెట్టాను. ఈ క్రమం తప్పితే భువనేశ్వర్ వెళ్లి ఖాళీ చేతులతో రావాల్సిందే. గుణుపూర్ నుంచి వచ్చే రాత్రి రైలు ఎక్కి, తెల్లవారి భువనేశ్వర్‌లో దిగి, పాస్‌పోర్టు సేవా కేంద్రంలో పని ముగించుకుని మళ్లీ రాత్రి రైలుకే వచ్చేశాను. ముప్పై ఆరు పేజీల పుస్తకానికి మామూలు రుసుము 1,500 రూపాయలు. విచారణకు వచ్చిన కానిస్టేబుల్ ఒడియాలో అడిగితే పక్కింటి మామ్మ తెలుగులో జవాబు చెప్పింది. ఇద్దరికీ ఏ ఇబ్బందీ లేదు. మా వీధిలో అన్ని పనులూ అలాగే జరుగుతాయి.

సింగపూరు వీసా తేలికే. వాళ్ల ఇమ్మిగ్రేషన్ శాఖ గుర్తించిన ఏజెంట్ల ద్వారా దరఖాస్తు చేయాలి. 14ఏ అనే ఫారం, తెల్లటి వెనుక రంగుతో ఫోటో, ముప్పై సింగపూరు డాలర్ల రుసుము, పైన ఏజెంటు తన సేవకు వేసుకునేది వేరు. విశాఖలోని ఏజెంటు నా దగ్గర కాలేజీ నుంచి బోనఫైడ్ సర్టిఫికెట్, నాన్న బ్యాంకు స్టేట్‌మెంటు తీసుకున్నాడు. చిన్నాన్న తన పాత వర్క్ పర్మిట్ నకలు కూడా జతచేయమని పట్టుబట్టాడు. ఏజెంటు అవసరం లేదన్నాడు. "అవసరం లేకపోయినా పెట్టండి. నేను అక్కడ దొంగతనంగా ఉండి రాలేదని వాళ్లకు తెలియాలి" అన్నాడు చిన్నాన్న. ఏజెంటు పెట్టాడో లేదో నాకు తెలియదు. వీసా మాత్రం మెయిల్‌లో వచ్చింది. ప్రయాణానికి మూడు రోజుల లోపు అరైవల్ కార్డు నింపాలి. అది ఉచితం. గూగుల్‌లో వెతికితే పైన కనిపించేవాటిలో డబ్బు అడిగేవి కొన్ని ఉంటాయి, వాటి జోలికి పోవద్దు. బస ఎక్కడ అని అడిగే చోట 'డే ట్రిప్' అనే ఎంపిక కూడా ఉంటుంది. మాకు సరిగ్గా అదే కావాలి. హోటల్ అనే మాట మా బడ్జెట్‌లో లేదు. విమానం ఖర్చే కచేరీ టికెట్లకు పది రెట్లు దాటింది.

గణతంత్ర దినోత్సవం రోజున గుణుపూర్ నుంచి విశాఖ వెళ్లే పాసింజర్‌లో బయల్దేరాం. నౌపడ వరకు ప్రతి స్టేషన్లో జెండాలు, మిఠాయిలు పంచే పిల్లలు. రాత్రికి విశాఖ విమానాశ్రయం. అక్కడి ఇమ్మిగ్రేషన్ అధికారి నన్ను రెండు ప్రశ్నలు అడిగి వదిలేశాడు. చిన్నాన్న దగ్గర ఆగిపోయాడు. పాత పాస్‌పోర్టు నిండా సింగపూరు ముద్రలు, ఇప్పుడు హోటల్ లేదు, సామాను లేదు, ఒక్క రోజుకే వెళ్తున్నాడు. అధికారి అనుమానం నాకు అర్థమైంది. "మళ్లీ పనికేనా?" అని అడిగాడు. కచేరీకి అని చిన్నాన్న జవాబు. ఎవరి కచేరీ? "తెలియదండి. అమ్మాయికి తెలుసు. టికెట్లు రెండు చొప్పున అమ్మారు, అందుకని వెళ్తున్నాను." నేను వెనక్కి వచ్చి టికెట్ల మెయిలు, తిరుగు ప్రయాణం కాగితాలు చూపించాను. అధికారి నవ్వాపుకుంటూ ముద్ర వేశాడు. ఇలా వెళ్లేవాళ్లు తిరుగు టికెట్టు, కచేరీ కాగితం ఫోనులోనే కాకుండా అచ్చు వేయించి కూడా పెట్టుకుంటే మంచిది. అక్కడ నా ఫోనుకు సిగ్నలు దొరకడానికే ఐదు నిమిషాలు పట్టింది.

సింగపూరు గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందుంటుంది. అంటే విమానంలో సగం రాత్రి కరిగిపోతుంది. తెల్లవారుజామున చాంగీలో దిగాం. వేలిముద్రలు తీసుకుని పంపేశారు, పాస్‌పోర్టులో ముద్ర వేయలేదు. ఇప్పుడు అక్కడ సిరా ముద్రలు లేవు, అనుమతి మెయిల్‌కు వస్తుంది. నా కొత్త పాస్‌పోర్టులో మొదటి ముద్ర పడుతుందని ఎదురుచూస్తే ఇలా జరిగింది. చిన్నాన్న తన పాత పాస్‌పోర్టు తిరగేసి చూపిస్తూ కాస్త గర్వపడ్డాడు.

విమానాశ్రయం పక్కనే జ్యువెల్ అనే అద్దాల మేడ ఉంది. దాని మధ్యలో నలభై మీటర్ల ఎత్తు నుంచి పడే జలపాతం, భవనం లోపల పడేవాటిలో ప్రపంచంలోనే ఎత్తైనది. మేము వెళ్లేసరికి ఇంకా నీళ్లు వదల్లేదు. పైకప్పు నడుమ గుండ్రటి కన్నం, కింద ఎండిన అక్రిలిక్ గొట్టం, చుట్టూ చెట్లకు నీళ్లు కొట్టే పనివాళ్లు. వాళ్లలో ఒకాయన తమిళంలో చిన్నాన్నను పలకరించాడు. చిన్నాన్న తమిళం అక్కడ నేర్చుకున్నదే. పది నిమిషాలు మాట్లాడుకున్నారు. జలపాతం చూడలేకపోయినందుకు అతనికి ఏ కొరతా కనిపించలేదు.

సామాను దాచే చోట ఒక సంచి పెట్టేసి రైలెక్కాం. ఎమ్మార్టీ అనే అక్కడి మెట్రో రైళ్లకు విడిగా టికెట్టు కొనక్కర్లేదు. గేటు దగ్గర బ్యాంకు కార్డు తాకిస్తే చాలు. విదేశీ కార్డుకు కాస్త అదనపు రుసుము పడుతుంది, ఒక్క రోజుకు అది పెద్ద లెక్క కాదు. తినకూడదు, తాగకూడదు అని బొమ్మలతో హెచ్చరికలు, జరిమానా 500 డాలర్లు. దురియన్ పండు తేకూడదని మరో బొమ్మ. ఎక్స్‌పో స్టేషన్లో నీలం రంగు డౌన్‌టౌన్ మార్గంలోకి మారితే నేరుగా లిటిల్ ఇండియాలో దిగవచ్చు. ఈ మార్గం చిన్నాన్న ఉన్న రోజుల్లో లేదు. అతను గుర్తుపెట్టుకున్న పటంలో సగం గీతలు ఇప్పుడు కొత్తవి. కాసేపు నేను దారి చూపించాను, అతనికి అది నచ్చలేదు.

లిటిల్ ఇండియాలో పైకి రాగానే దారి చూపించే పని అతనికి దక్కింది. సెరంగూన్ రోడ్డు మీద వీరమాకాళియమ్మన్ గుడి, ఇంకా ముందుకు వెళ్తే శ్రీనివాస పెరుమాళ్ గుడి. రెండు రోజుల ముందే, 25న, తైపూసం అనే మురుగన్ పండుగ. ఆ ఊరేగింపు పెరుమాళ్ గుడి నుంచే కావడులతో మొదలై ట్యాంక్ రోడ్డులోని మురుగన్ గుడి దాకా వెళ్తుంది. మేము చూసేసరికి తోరణాలు దించుతున్నారు. కోమలవిలాస్‌లో దోసె తిన్నాం. 1947 నుంచి ఉన్న హోటల్ అది. చిన్నాన్న ధరల పట్టిక వంక చూసి, తన రోజుల్లో ఎంత ఉండేదో ప్రతి పదార్థానికీ చెప్పుకుంటూ పోయాడు. ఆ నెల మొదటి తేదీ నుంచే అక్కడ జీఎస్టీ తొమ్మిది శాతానికి పెరిగింది. అది తెలిశాక కాఫీ ఒకటే చెప్పి ఇద్దరం పంచుకున్నాం.

టెక్కా సెంటర్ అనే మార్కెట్ దగ్గర ఒక మూల అతను చాలాసేపు ఆగిపోయాడు. అక్కడ డబ్బు పంపే దుకాణం ఉండేదట. ఆదివారం మధ్యాహ్నం వరుస రోడ్డు మీదికి వచ్చేదట. జీతం అందుకున్న ఆదివారం ఇక్కడ నిలబడి, సోమవారం మా నాన్నకు ఫోను చేసి అంకె చెప్పేవాడు. మా ఇంటి పై అంతస్తు ఆ వరుసలోంచే వచ్చింది. ఇప్పుడు మన యూపీఐకి, వాళ్ల పేనౌకు 2023 ఫిబ్రవరిలో లంకె కుదిరింది, ఫోనులోంచే పంపుకోవచ్చని చెప్పాను. "అయితే ఆదివారం వీళ్లంతా ఏం చేస్తారు?" అన్నాడు. నాకు జవాబు తోచలేదు. శనివారం కాబట్టి ఆ రోజు జనం పెద్దగా లేరు.

మధ్యాహ్నం నా జాబితాలోవి చూశాం. సింహం తల, చేప ఒళ్లు ఉన్న మెర్లయన్ విగ్రహం ఫోటోల్లో కనిపించేంత పెద్దది కాదు, 8.6 మీటర్లు. 1972 నాటిది. దాని నోట్లోంచి పడే నీళ్లను నోటితో పట్టుకుంటున్నట్టు ఫోటో దిగడానికి అన్ని దేశాలవాళ్లూ ఒకే భంగిమలో నిలబడి ఉన్నారు. నేనూ దిగాను. ఎదురుగా మరీనా బే శాండ్స్, మూడు టవర్ల నెత్తిన ఓడ పెట్టినట్టు ఉండే ఆ భవనం 2010లో తెరిచారు. చిన్నాన్న దాని పునాదులు చూశాడు, అంతస్తులు లేవడం చూశాడు. లారీ వెనుక కూర్చుని పనికి వెళ్తూ. అక్కడ కూలీలను లారీల మీదే తీసుకెళ్లేవారు. దాని మీద వాదనలు ఇప్పటికీ నడుస్తున్నాయి. పూర్తయ్యాక దగ్గరికి రావడం అతనికి ఇదే మొదటిసారి.

గార్డెన్స్ బై ద బే అనే తోటలో అద్దాల తోటల్లాంటి కొన్నిటికే టికెట్టు. బయట తిరగడం ఉచితం. కృత్రిమ మహావృక్షాలు పదెనిమిది, పొడుగైనది యాభై మీటర్లు. ఉక్కు చట్రాల మీద నిజమైన మొక్కలు పాకించారు. నేను ఫోటోలు తీసుకుంటుంటే చిన్నాన్న ఒక చెట్టు మొదట్లో వంగి కూర్చున్నాడు. బోల్టు చుట్టూ రంగు చూస్తున్నాడు. గోరుతో మెల్లగా తట్టి, "మూడు కోట్లు. కింద ప్రైమరు బాగా వేశారు. సముద్రం పక్కన ఇలా నిలబడాలంటే అడుగు పని శుభ్రంగా ఉండాలి" అన్నాడు. అంత పెద్ద తోటలో అతనికి నచ్చింది ఆ బోల్టు. ఉచితంగా చూడదగ్గ చోట్లలో ఒక్కదానికే సమయం ఉంటే నేను ఈ తోటనే చెబుతాను. మెర్లయన్‌కు పావుగంట చాలు. చైనా వీధికి వెళ్లి కొత్త సంవత్సరం దీపాలు చూడాలని కూడా అనుకున్నాను, కాళ్లు ఒప్పుకోలేదు.

తోట దగ్గరి బేఫ్రంట్ స్టేషన్ నుంచి ప్రామెనేడ్, అక్కడ మారితే రెండో స్టేషన్ పేరే స్టేడియం. సాయంత్రానికి అక్కడ ఇసుక వేస్తే రాలనంత జనం. ఇండోనేషియా, మలేషియా, ఫిలిప్పీన్స్ నుంచి వచ్చినవాళ్లు, మన హిందీ, తమిళం, బెంగాలీ. కౌంటరు దగ్గర పాస్‌పోర్టు చూపించి టికెట్లు తీసుకున్నాం. పై అంచె, వేదికకు బాగా పక్కగా. వేదిక ముందు గుండ్రటి పెద్ద తెరల్లో ఒకటి సగమే కనిపిస్తుంది. ఇరవై డాలర్ల కుర్చీకి అది న్యాయమే.

లోపలికి వెళ్లేముందు చిన్నాన్నకు ఒక పని ఉంది. యార్డులో అతనితో పనిచేసిన స్నేహితుడు ఇంకా అక్కడే ఉన్నాడు. షిఫ్టు ముగించుకుని కళ్లాంగ్ నది ఒడ్డుకు వచ్చాడు. చిన్నాన్న సంచిలోంచి పలాస జీడిపప్పు పొట్లం తీసి ఇచ్చాడు. ఆయనది ఉద్దానం. రెండేళ్లు చేసి వెళ్లిపోదామనుకున్నారట. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కొబ్బరితోట మొత్తం ఒక్క రాత్రిలో పోయింది. కొబ్బరి మొక్క నాటితే కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లన్నీ ఇక్కడ పనిచేస్తున్నానని చెప్పారు. మా గజపతి జిల్లాను కూడా ఆ తుఫాను వదల్లేదు. మా బంధువుల ఇళ్లు కూలాయి, కొండచరియలు విరిగి మనుషులు పోయారు. ఇద్దరూ చెట్ల లెక్కలు మాట్లాడుకున్నారు. ఎన్ని పడ్డాయి, ఎన్ని మళ్లీ నాటారు, ఏవి పూత పట్టాయి. నేను గేటు వైపు చూస్తూ కాలు నేలకేసి కొడుతుంటే ఆయనే గమనించి, "అమ్మాయికి ఆలస్యమవుతోంది, పదండి" అన్నారు. కచేరీకి ఎంత పెట్టారని అడిగారు. చెబితే నమ్మలేదు. ఆయన సూపర్‌వైజరు కొడుకు ఇదే కచేరీకి పెట్టిన ధర ఆయనకు తెలుసు.

ఈ స్టేడియం 2014లో తెరిచింది. 55,000 మంది పడతారు. గుమ్మటం అడ్డకొలత 310 మీటర్లు, మధ్యలో ఒక్క స్తంభం లేదు. ప్రవేశంలో ప్రతి ఒక్కరికీ చేతికి దీపాల పట్టీ, అట్ట కళ్లద్దాలు ఇచ్చారు. ఆ కళ్లద్దాలు పెట్టుకుంటే ప్రతి దీపం చుట్టూ హృదయాకారం కనిపిస్తుంది. నేల మీద నిలబడేవాళ్ల కోసం ఎగిరితే కరెంటు పుట్టే పలకలు, తొక్కితే బ్యాటరీ నిండే సైకిళ్లు. ఈ కచేరీల యాత్రను 2022 మార్చిలో కోస్టారికాలో మొదలుపెట్టినప్పటి నుంచి కాలుష్యం తగ్గిస్తామని వాళ్లు చెబుతున్న ఏర్పాట్లివి. యాభై వేలమందిని విమానాల్లో రప్పించే కచేరీలో సైకిలు తొక్కితే ఏమవుతుంది అని అనేవాళ్లున్నారు. నేనూ విమానంలోనే వచ్చాను కాబట్టి ఆ వాదన నా నోట రాకూడదు.

దీపాలు ఆరగానే నా గొంతు పోయింది. పాటల వరస నేను వివరించను. ఆ పాటలు తెలిసినవాళ్లకు అక్కర్లేదు, తెలియనివాళ్లకు ఎంత రాసినా అందదు. ఒక్క సంగతి చెబుతాను. 'ఎల్లో' పాటకు గిటారు మొదటి మీటు పడగానే, ఎవరూ మీట నొక్కకుండానే, స్టేడియంలో ఉన్న ప్రతి చేతి మీదా పట్టీ పసుపు రంగుకు మారింది. దూరం నుంచి సంకేతంతో నడిపిస్తారని తెలుసు. తెలిసినా, నా చేతికే ఆ రంగు రావడం, ఎదుటి అంచెలో వేల చేతులు ఒక్కసారి పసుపు కావడం చూశాక ఒళ్లు జలదరించింది. పక్కకు చూస్తే చిన్నాన్న తన మణికట్టును కంటి దగ్గరకు తెచ్చుకుని, పట్టీలో బ్యాటరీ ఎక్కడుందో వెతుకుతున్నాడు.

మరో పాట మధ్యలో గాయకుడు క్రిస్ మార్టిన్ వాద్యాలు ఆపించి, ఈ ఒక్క పాటకు ఫోన్లు లోపల పెట్టండి అని అడిగాడు. అన్ని కచేరీల్లోనూ అడుగుతాడని తెలుసు. అయినా మొదటిసారి వింటున్నట్టే పెట్టేశాం. నిజంగా ఫోను తీయనివాడు మా వరుసలో చిన్నాన్న ఒక్కడే, మొదటి నుంచీ. అతను చూస్తున్నది డ్రమ్స్ వాయించే విల్ ఛాంపియన్‌ని. పాటలో ఒక్క ముక్క అర్థం కాలేదని తర్వాత చెప్పాడు. "పాడేవాడు పరుగులు పెడుతున్నాడు, దీపాలు మారుతున్నాయి, కాగితాలు ఎగురుతున్నాయి. ఆ వెనుక కూర్చున్నతను మాత్రం పని వదల్లేదు. మా ఫోర్‌మన్ అలాగే ఉండేవాడు" అన్నాడు. నాకు తెలిసిన కోల్డ్‌ప్లే అభిమానుల్లో ఇంతకన్నా మంచి మాట ఎవరూ అనలేదు.

ముగిశాక చేతిపట్టీలు తిరిగి ఇచ్చేయాలి. ఏ నగరంలో ఎంత శాతం తిరిగిచ్చారో తెర మీద వేసి మరీ పోటీ పెడతారు. ఇచ్చేశాం. చిన్నాన్న ఇచ్చేముందు ఇంకోసారి తిప్పి చూశాడు.

స్టేడియం రైలు స్టేషన్ దగ్గర జనాన్ని విడతలవారీగా వదులుతున్నారు. ఆ వరుస కదలడం లేదు. ఇలాంటప్పుడు కళ్లాంగ్ స్టేషన్ దాకా నడిచి వెళ్లడం మేలు, నడక ఎక్కువేమీ కాదు, అది ఆకుపచ్చ మార్గంలో ఉంటుంది కాబట్టి చాంగీ వైపు నేరుగా పోవచ్చు. ఈ సలహా చిన్నాన్నదే. రైలు మారాల్సిన తానా మేరా స్టేషన్ చేరేసరికి విమానాశ్రయానికి వెళ్లే ఆఖరి రైలు వెళ్లిపోయింది. టాక్సీ ఎక్కాం. అర్ధరాత్రి దాటితే మీటరు మీద సగం అదనం. ఆ రోజు మేము పెట్టిన ఖర్చుల్లో చిన్నాన్నను నిజంగా బాధించింది ఇదొక్కటే. డ్రైవరు చైనీస్ పెద్దాయన. చిన్నాన్న యార్డు పేరు చెబితే ఆయన అక్కడ క్రేన్ నడిపినవాడని తేలింది. దిగేటప్పుడు చిల్లర తీసుకోలేదు.

చాంగీలో నేల మీద తివాచీ మెత్తగా ఉంటుంది. సంచి తలకింద పెట్టుకుని పడుకున్నాం. మాలాగే చేతిపై పట్టీ వదిలిన తెల్లటి గుర్తుతో, గొంతులు పోయిన పిల్లలు అక్కడక్కడా నిద్రపోతున్నారు. పొద్దున్నే చెన్నై విమానం, సాయంత్రం హౌరా మెయిలు, మర్నాడు పలాసలో దిగి పర్లాకిమిడి బస్సు.

పలాస స్టాండులో కండక్టరు చిన్నాన్నకు తెలిసినవాడు. సింగపూరు నుంచి అంటే, "మళ్లీ ఎన్నేళ్లకు వచ్చావు?" అని అడిగాడు. "మొన్న వెళ్లాను" అన్నాడు చిన్నాన్న. కండక్టరు నమ్మకపోతే నా వైపు చూపించి, ఈ అమ్మాయిని అడగమన్నాడు. నాకేమో గొంతు లేదు. ఫోనులో వీడియో తీసి చూపించాను. కండక్టరు రెండు నిమిషాలు చూసి, "ఇంతమంది జనం, మరి తొక్కిసలాట జరగలేదా?" అన్నాడు. అక్కడి నుంచి పాతపట్నం దాకా చిన్నాన్న ఆయనకు స్టేడియం గేట్లు ఎన్ని, జనాన్ని ఎలా వదిలారు, స్టేషన్లో తాడు కట్టి ఎలా ఆపారు అని చెబుతూనే ఉన్నాడు. పాటల గురించి ఇద్దరూ ఒక్క మాట అనుకోలేదు.